గేటు దాక వినపడే గొంతు

ఇన్నయ్య తెగిన పోగును ముడివేసి తన మరమగ్గాన్ని, సాంచాను, మళ్లీ నడిపించాడు. రాత్రి పాళీ ముగియవచ్చింది. పక్క సాంచా దగ్గర లింగమూర్తి ఏదో అన్నాడు. ముక్కూ నోరూ మాస్కులో ఉన్నాయి, ఒక్క ముక్కా తెలియలేదు. సూరత్ పాండేసరా కార్ఖానాల మోతలో ఇన్నయ్య చెవులు ఎప్పుడో పోయాయి. అయినా ఎవరికీ తెలియనివ్వలేదు, ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. కరోనా వచ్చి ఊళ్లో పెదవులన్నిటినీ మూసేసింది, మహాతల్లి.

చర్చిలోనూ అదే తంటా. పాటల బృందంలో అతనిది వెనక వరస. సాంచాల మీద పెరిగిన గొంతు కదా, "జర మెల్లగ" అని అందరూ గదమాయించేవారే. ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు, ఫాదర్ ఇంకా ప్రార్థన చదువుతుండగానే ఇన్నయ్య పాట అందుకున్నాడు. జనం వెనక్కి తిరిగి చూశారు, పిల్లలు నవ్వారు. ఆ సిగ్గుతో వారమంతా అన్నం సయించలేదు. పాట పోతే సూరత్‌లో అతనికి మిగిలేది సాంచాలే.

పాళీ దిగి, స్నానం చేసి, ఈస్టరు పూజకు వెళ్లాడు. బృందాన్ని నడిపే నర్సు పద్మారాణి ఎదురొచ్చింది.

"నన్ను ఇడిసిపెట్టు బిడ్డా. నాకు ఇనపడ్తలేదు." ఇన్నయ్య ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆమె ఏదో చెప్పబోయింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె చప్పున పక్కగదిలోకి వెళ్లి, ఆవరణ వైపున్న అద్దాల కిటికీ మూసి, దాని వెనక నిలబడి మాస్కు తీసేసింది.

"ఇప్పుడు తెలుస్తుందా మామా? అల్లెలూయా నువ్వే ఎత్తుకోవాలె. గేటు దాక ఇనపడే గొంతు ఇంకెవరికుంది? శ్రుతి గిట్ల చూడకు. నీ ఎంబడి మేమొస్తం."

పెదవులు కనబడగానే ఇన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది.

ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలమంతా ఎవరూ పాడకుండా ఆపుకున్న మాట ఆ అల్లెలూయా. ఆరుబయట దూరదూరంగా వేసిన కుర్చీల్లోంచి జనం లేచారు. ఇన్నయ్య అందరికీ ఎడంగా నిలబడి మాస్కు దించాడు. అద్దం వెనక పద్మారాణి, ఇక ఎత్తుకొమ్మన్నట్టు, నోరు తెరిచింది. అతను ఎత్తుకున్నాడు. మెల్లగా కాదు, సాంచాల మధ్య మేస్త్రీని కేకేసినట్టు, గొంతు నిండా. గేటు బయట పాలబండివాడు ఆగిపోయాడు.

జనం అందుకున్నారు. ఇన్నయ్యకు వినపడలేదు గానీ, అన్ని మాస్కులూ ఒక్కసారే ఉబ్బి, ఒక్కసారే లోపలికి పోవడం కనిపించింది. అందరూ తన వెంటే వస్తున్నారు! ఇంత సంతోషం అతను జన్మలో ఎరగడు. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా ఇంకాస్త పైకి ఎత్తుకున్నాడు.

"వచ్చే ఆదివారం గూడ నువ్వే," అంది పద్మారాణి అద్దంలోంచి.

వడోద్ బస్తీలోని తన గదికి చేరి కడుపునిండా తిన్నాడు. వచ్చే వారానికని చొక్కా ఉతికి ఆరేసి, చాప మీద ఒరిగాడు.

సాయంత్రం పాళీకి లేపడానికి వచ్చిన లింగమూర్తి రెండుసార్లు పిలిచాడు. భుజం పట్టి కదిపి, అక్కడే కూలబడ్డాడు. ఇన్నయ్యకు నిద్రలోనే గుండె ఆగింది. ముఖం మాత్రం తేటగా ఉంది. బయట తీగ మీద తెల్లచొక్కా పెళపెళా ఆరి, రెండు చేతులూ చాచి గాలికి ఊగుతోంది.