ఇనుము సోకని పాక

భద్రయ్య ఇంటి తాళంచెవినీ కత్తినీ సరిహద్దు రాయి పక్కన పెట్టాడు. సైకిలు అంతకుముందే దూరాన ఆపాడు. చండ్రుగొండ అడవి అంచున ఉన్న ఆ చెక్క పాకలో ఒక్క ఇనుప మేకు లేదు, అన్నీ ఇత్తడివే. లోపలి యంత్రం భూమి అయస్కాంత శక్తిని కాగితం మీద గీతగా గీస్తుంటుంది. ఇనుము దగ్గరికొస్తే గీత చెడుతుంది. చెడనివ్వకుండా చూడడమే కాపలాదారుగా అతని పని. బక్కపలచటి మనిషి, వంగిన నడుము; పాక దగ్గర మాత్రం తహసీల్దారంత దర్పం. భార్య జంపక్కను కూడా రాయి దాటనిచ్చేవాడు కాదు.

రెండువేల మూడు అక్టోబరు చివర్లో ఒక మధ్యాహ్నం, గీత గీస్తున్న పెన్ను ఉన్నట్టుండి కాగితం అంచుకు ఎగిరింది. భద్రయ్య బయటికి పరిగెత్తాడు. బయట రాయి దగ్గర జంపక్క అన్నం పట్టుకుని నిలబడి ఉంది.

"కొడవలి గిట్ల తెచ్చినవా?"

"నా తాన ఏముందయ్యా? బువ్వ తెచ్చిన."

నమ్మలేదు. ఆమె కొప్పులో పిన్నులు, చేతి ఇనుప కడియం కూడా తీయించాడు. అయినా పెన్ను నిలవలేదు. ఇన్నేళ్ల కాపలా గంగలో కలిసిందనుకుని, రాయి అవతలి గదిలోంచి హైదరాబాదు ఆఫీసరు ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేశాడు.

"సారూ, తప్పయింది. యాడ్నో ఇనుము సొచ్చింది."

"నీ తప్పేం లేదు భద్రయ్యా. సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగింది. అక్కడ లేచిన గాలి ఇప్పుడే వచ్చి భూమిని కొట్టింది. భూమి అయస్కాంత శక్తి మనకు గొడుగులాంటిది. అది ఊగింది, నీ పెన్నూ ఊగింది. ధ్రువాల దగ్గరైతే ఆ గాలిలోని రేణువులు పైనుంచి దిగి మన గాలిని తాకుతాయి. రాత్రి ఆకాశమంతా ఆకుపచ్చగా, ఎర్రగా తెరలు తెరలుగా వెలుగుతుంది. మన దగ్గర కనపడదులే."

భద్రయ్య ఎండలోకి వచ్చాడు. రోజూ మిరపచేల మీద కాసే సూర్యుడే. చేయి అడ్డం పెట్టుకుని తలెత్తి చూశాడు.

"ఊకెనే నిన్నన్న," అన్నాడు జంపక్కతో. "రా, లోపలికొచ్చి చూడు."

తీసిన కడియం రాయి పక్కనే వదిలి, ఆమె మొదటిసారి రాయి దాటింది. ఎగిరెగిరి పడుతున్న గీత మీదికి వంగి చూసింది.

"సూర్యుడు కొడితే గీడిదాక తగిలిందా?"

"అవ్. మన కండ్లకు కానరాలే. దీనికి కానొచ్చింది."

ఛాతీ పట్టేసి ఎడమ చేయి లాగుతున్నా అతను యంత్రం దగ్గర్నుంచి కదల్లేదు. పొద్దు వాలేవేళ జంపక్క మంచినీళ్లు తెచ్చేసరికి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కళ్లు గీత వైపే ఉన్నాయి.

ఊళ్లోవాళ్లు మంచం మోసుకొచ్చారు. జంపక్క ఏడుస్తూనే రాయి దగ్గర అడ్డం నిలబడింది.

"అది ఇనుప మంచం. రాయి దాటనియ్య. గీత చెడితే ఆయన ఊకోడు."

రాయి దాటాక కూడా అతనికి ఇనుము తాకించడానికి వాళ్లకు మనసొప్పలేదు. అతన్ని దుప్పట్లో ఎత్తుకుని, చేతుల మీదే ఊరిదాకా మోసుకుపోయారు. రాయి అవతల టేకాకుల మీద, ఖాళీ ఇనుప మంచం అలాగే ఉండిపోయింది.