కుడివైపు చూసే పుంజు

వీస్లింగ్‌రోడె ఊరి జెండా మీద తెల్ల పుంజు కుడివైపు చూస్తూ ఉండేది. దాన్ని గీసిన ఎకెహార్ట్‌ది ఎడమచేతి వాటం, ఏ బొమ్మ గీసినా దాని మొహం అటే తిరిగేది. ఆకుపచ్చ గుడ్డ మీద దాన్ని కుట్టింది ఆయన భార్య రోస్విత. ఊరాఫీసు ముందు స్తంభానికి అడ్డకర్ర మీంచి ఏళ్లకేళ్లు వేలాడినా ఆ పుంజు మొహం సంగతి ఎవరికీ పట్టలేదు. ఈ ఏడు ఊరి చిహ్నానికి ప్రభుత్వ ముద్ర అడిగేసరికి తప్పు బయటపడింది. చిహ్నాల మీది జంతువుల మొహం, చూసేవాళ్లకి ఎడమవైపే తిరగాలట. కుడికి తిరిగితే శత్రువుకు వెన్ను చూపినట్టేనట!

ఆ కబురు చెప్పడానికి మేయరు స్వెన్యా ప్లమ్ పళ్ల కేకుతో వచ్చింది. కేకు చూడగానే రోస్వితకు అర్థమైపోయింది, ఏదో చేదు మింగించడానికే ఈ తీపి అని.

"అత్తా, కొత్త జెండా కూడా నువ్వే కుట్టాలి. మొహం మాత్రం ఇటు తిప్పాలి."

"అంటే మా ఆయన పిరికి పుంజును గీశాడనా?"

"నేనన్నానా? పట్నంలో పెద్దమనిషి అన్నాడు."

"ఆయన్నోసారి మా దొడ్లోకి రమ్మను. ఎవరు పారిపోతారో మా పుంజు తేలుస్తుంది."

స్వెన్యా పకపకా నవ్వింది. రోస్విత నవ్వలేదు. ఎకెహార్ట్ పోయాక ఆయన కోట్లు ఇచ్చేసింది, పనిముట్లు ఇచ్చేసింది. నలుగురి కళ్ల ముందూ మిగిలింది ఆ పుంజొక్కటే. అదీ పోతే ఆయన ఈ ఊళ్లో బతికాడని చెప్పేదేముంది? స్వెన్యా వెళ్లేదాకా ఆపుకుని, తర్వాత బావురుమంది.

అయినా ఆ పుంజు మీద ఇంకొకరు చెయ్యి వెయ్యడం ఆమెకు ఇష్టం లేదు. పాత జెండా మీంచి గీతలెత్తి, అటుది ఇటు తిప్పి, తెల్లగుడ్డ కత్తిరించి కుట్టింది. ఈసారి రెండువైపులా పుంజు కనబడాలి కనక వెనకున్న ఆకుపచ్చ గుడ్డను కుట్టు వెంబడే కోసేసింది. కోపం కోపమే, కుట్టు మాత్రం వంకర పోలేదు. ఆఖరి దారం ముడెయ్యడానికి జెండా తిరగేసింది. చెయ్యి ఆగిపోయింది.

వెనకవైపు పుంజు కుడివైపే చూస్తోంది. అదే తోక, అదే పొగరు.

"ఇక్కడ దాక్కున్నావా, మొండిఘటమా!" అంటూ దాని మెడ నిమిరింది.

జెండా ఎగరేసే రోజు బ్యాండు వాయించారు, బీరు పంచారు. ఊరంతా స్తంభం ముందు చేరింది. రోస్విత ఒక్కతే చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి నిలబడింది.

"అత్తా, ముందుకు రా! అక్కణ్ణుంచి నీకు వెనకవైపే కనిపిస్తుంది," అని స్వెన్యా కేకేసింది.

"తెలుసులేవే. మీ పుంజును మీరు చూసుకోండి, నా పుంజును నేను చూసుకుంటా."