ఇడ్రిస్ మావయ్య వేసిన పైపులు

చలి మొదలవగానే, వేడినీళ్లతో గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లలో గాలి తీయడం గ్వెండా పని. చేతిలో చిన్న ఇత్తడి తాళంచెవి, భుజం మీద పాత గుడ్డ, కింద పట్టడానికి చెవి విరిగిన టీ కప్పు. గదిగదికీ వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని మూలనున్న మరను కాస్త తిప్పితే చాలు, ఆ ఇనప పలకలు పెళ్లిభోజనం చేసిన పెద్దమనుషుల్లా బుస్సుమని గాలి వదిలి, ఆనక నల్లటి నీళ్లు ఉమ్ముతాయి. ఈ ఏడు ముందుగదిలోది గాలీ వదల్లేదు, నీళ్లూ ఉమ్మలేదు. మర్నాడు వాటికి నీళ్లు కాచి పంపే బాయిలర్ కూడా ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

బాగుచేసే మెరిక్ వచ్చి నేల చెక్క ఒకటి లేపాడు. పెన్సిలంత సన్నటి రాగి గొట్టం ముక్క కోసి చూపించాడు. లోపల కాటుకలా బురద.

"కొత్త బాయిలర్ ఎలాగూ పెట్టాల్సిందే. పైపులంటారా, కడిగి ఇవే ఉంచమంటే ఉంచుతా, ఇప్పుడున్న రేడియేటర్లకి సరిపోతాయి. కానీ వీటికి కొత్తగా ఒక్క రేడియేటర్ కూడా తగిలించలేను. మార్చాలంటే నేలంతా లేపాలి. సోమవారం వస్తా, ఏదోటి తేల్చండి."

"తేల్చేదేముంది?" అన్నాడు గ్వెండా మొగుడు ఐవర్. "అవి మా నాన్న వేసినవి."

ఐవర్ తండ్రి ఇడ్రిస్ ఆ పైపులు వేసిన వైనం ఆ బొగ్గుగనుల లోయలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గనిలో పని దిగి వచ్చి, బొడ్డు నేలకి రాసుకుంటూ ఇంటి కిందికి పాక్కుంటూ పోయేవాడట. ఒకరోజు దారి తప్పి పక్కింటి నేల కింద తేలి, వాళ్లు పోసిన టీ తాగి, కేకు ముక్క జేబులో వేసుకుని, వచ్చిన దారినే పాక్కుంటూ తిరిగొచ్చాడట. పైపులు టకటకమన్నప్పుడల్లా, "అది చచ్చిపోయిన మా గని గుర్రంరా, దానికింకా సెలవివ్వలేదు" అని పిల్లలకు చెప్పేవాడు.

అన్ని గదులకీ వేడి పెట్టాడు, వంటింటికి తప్ప. "దానికి పొయ్యి ఉందిగా" అన్నాడు. "పనిలో ఉన్న ఆడదానికి చలేమిటమ్మా, కదులుతుంటే అదే వెచ్చగా ఉంటుంది" అనేది అత్తగారు బ్రాన్వెన్, శాలువా ఇంకో చుట్టు చుట్టుకుంటూ. ఆ వంటింటి చలి సామాన్యమైనది కాదు. వెన్న తనక్కూడా ఒక స్వెట్టర్ అల్లమని అడిగేదనీ, ఎలుకలు తట్టుకోలేక ప్రార్థనమందిరానికి కాపురం మార్చాయనీ వీధిలో నవ్వుకునేవారు. గ్వెండా కూడా నవ్వేది. నవ్వుతూనే రొట్టెపిండి కలిపేది, వేళ్లు కొంకర్లు పోతుంటే వేడి టీ కుండ చుట్టూ చేతులు పెట్టుకుని మళ్లీ కలిపేది.

పైగా ఇంకొకటి. గది వెచ్చబడగానే బాయిలర్‌ని ఆపేసే తెల్లటి చిన్న డబ్బాని ఇడ్రిస్ ముందుగదిలో, నిప్పుగూడు పక్కన బిగించాడు. ఆ డబ్బా ఉన్నా నిప్పు మాత్రం మానలేదు. గనిలో చేసినవాళ్లకి బొగ్గు ఉచితంగా వస్తుంది. గుమ్మంలో బొగ్గు పెట్టుకుని నిప్పు వెయ్యకపోవడం ఆ లోయలో మర్యాద కాదు. ఐవర్ నిప్పు వేసుకుని కాళ్లు చాపుకుంటాడు. అతని మోకాళ్లు వెచ్చబడగానే ఇల్లంతా వెచ్చబడిందనుకుని డబ్బా బాయిలర్ని ఆపేస్తుంది. "చలేస్తోంది ఐవర్" అంటే, "ఇక్కడ ఉడికిపోతున్నానే!" అంటాడు నిజంగానే ఆశ్చర్యపోతూ. అబద్ధం కాదు. అతను చలి చూడలేదు. మనిషి చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. పక్క ఎక్కగానే మంచుగడ్డల్లాంటి ఆమె పాదాలను తన పిక్కల మధ్య పెట్టుకుని, "నీ పాదాలెప్పుడూ ఇంతే బంగారం, పుట్టుకతో వచ్చింది" అనేవాణ్ణి ఏమని తిట్టడం?

పోయేముందు తన ఆఖరి చలికాలంలో ఇడ్రిస్ ఒకసారి వంటింట్లోకి వచ్చాడు, తాగిన కప్పు తనే కడుగుదామని. నీళ్లలో చెయ్యి పెట్టి, తీసి, గోడకేసి చూశాడు. "ఇక్కడా ఒక రేడియేటర్ పెట్టాల్సింది అమ్మాయ్. ఆ డబ్బా కూడా తప్పు చోట పెట్టాను" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మావాడికి చెప్పకు, నవ్వుతాడు" అన్నాడు. ఆమె చెప్పలేదు.

సోమవారం మెరిక్ వచ్చేసరికి ఐవర్ నేల మీద కూర్చుని ఆ రాగి గొట్టాన్ని అరచేత్తో నిమురుతున్నాడు. వంగిన అతని మెడకేసి గ్వెండా చూసింది. ఇవి పీకేస్తే ఇడ్రిస్‌ని ఇంకోసారి ఇంట్లోంచి మోసుకుపోయినట్టే. ఆమెకూ ఆ ముసలాయనంటే ప్రాణమే.

మావగారి మాట నాలుక చివరే ఉంది. 'మీ నాన్నే అన్నాడు' అని ఒక్కమాటంటే ఐవర్ మారు మాట్లాడడు, తనే గునపం పట్టుకుని నేల లేపుతాడు. కానీ ఆ మాట బయటపెడితే వంటింటికి వేడి వచ్చేది ఇడ్రిస్‌కి చలేసినందుకు. ఒక మగవాడు ఒక్క కప్పు కడిగితే తెలిసిన చలికి ఉన్న విలువ, ఇన్నేళ్లు ఆమె ఒంట్లో ఉన్న చలికి లేకుండా పోతుంది. ముసలాయన రహస్యాన్ని ఆమె ఎక్కడిదక్కడే ఉంచేసింది.

"ఏమంటారు మరి?" అన్నాడు మెరిక్, ఐవర్ వైపు చూసి.

"లేపెయ్ మెరిక్," అంది గ్వెండా. "నేలంతా."

ఐవర్ తలెత్తాడు. "నాన్న వేసినవే గ్వెండా."

"తెలుసు. ఆయనంటే నాకూ ఇష్టం. నాకు చలేస్తోంది."

ఇంకేదో కారణం వస్తుందేమోనని ఐవర్ ఎదురుచూశాడు. రాలేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి, ఆ గొట్టం ముక్కను జేబులో వేసుకుని, ఆమె వెనకాలే వంటింట్లోకి నడిచాడు. మెరిక్ గోడలు కొలుస్తుంటే అతను చేతులు రుద్దుకున్నాడు, నోట్లోంచి వచ్చిన ఆవిరిని వింతగా చూశాడు.

"కిటికీ కింద పెట్టనా?" అన్నాడు మెరిక్.

"వద్దు, అటు గోడకి. కిటికీ కింద కుర్చీ వేసుకుంటాను."

"వంటింట్లో కుర్చీ ఎందుకు?" అన్నాడు ఐవర్.

"కూర్చోడానికి," అంది గ్వెండా.