దర్జీ టార్పీ పైకి చదివిన సీరియల్

ఆదివారం చర్చిలో మాసు ప్రార్థన అయ్యాక దర్జీ ఫెస్టస్ టార్పీకి ఒకటే పని. బల్ల మీది గుడ్డముక్కలు పక్కకి నెట్టి, వారపత్రిక పరిచి, మొదటి పేజీ నుంచి పైకి చదవడం. పత్రిక ఇంగ్లీషులో వచ్చేది. వినేవాళ్ళకి ఐరిష్ తప్ప రాదు. అందుకని చదువుతూ చదువుతూనే వాళ్ళ భాషలోకి మార్చి చెప్పేవాడు. ఇరవయ్యేళ్ళలో ఒక్క మాట అటూ ఇటూ చెయ్యలేదని అతనికి మహా గర్వం.

ఒకప్పుడు ఇల్లు పట్టనంత జనం. తర్వాత ఊళ్ళోకి బడి వచ్చింది, పిల్లలు ఇంగ్లీషు నేర్చారు, ఎవరి పత్రిక వాళ్ళింట్లోనే. ఇప్పుడు వచ్చేది పక్కింటి సిబ్బీ అవ్వ ఒక్కతే, అదీ సగం టీ కోసం.

కథల్లోని మనుషులు మాత్రం రావడం మానలేదు. టార్పీ సీరియల్ చదవడం మొదలుపెడితే అందులోవాళ్ళు తలుపు తోసుకుని వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్ళు, అయిపోగానే ఎవరిళ్ళకి వాళ్ళు పోయేవాళ్ళు. ఓసారి ఒక భూస్వామి బురద బూట్లతో వస్తే సిబ్బీ అవ్వ చీపురు తీసుకుని వెంటబడింది. ఆ ఏడాది సీరియల్లోంచి వచ్చిన లెటీషియా ఒక్కతే వెళ్ళలేదు. కథలో ఆవిడకి ఇల్లు లేదు మరి, ఎక్కడికని పోతుంది? వారమంతా ఆ బెంచీ మీదే, టోపీ ఒళ్ళో పెట్టుకుని.

ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. ఆవిడ కోసం టార్పీ పత్రికలోని మర్యాదల శీర్షిక బట్టీపట్టాడు. టీ సాసర్లో పోసుకుని తాగడం మానేశాడు. సూది పళ్ళమధ్య పెట్టుకోవడం మానేశాడు. ఆవిడ మీద ఒక పద్యం రాసి పత్రికలోని కవితల శీర్షికకి పంపాడు కూడా. సంపాదకుడు జవాబు అందరూ చూసేలా అచ్చువేశాడు: "ఎఫ్.టి. గారికి. మీ పద్యానికి భావం ఉంది, నడక లేదు. మీకు వేరే వృత్తి ఉంటే దాన్నే నమ్ముకోండి." నెలరోజులు ఊరంతా నవ్వింది.

లెటీషియా నవ్వలేదు. అతను చదివిన మాటలు తప్ప ఆవిడ నోట ఇంకో మాట వచ్చేది కాదు. "ఇవాళ వానొస్తుందేమో" అని అతనంటే చూసి ఊరుకునేది. అయినా ఇంట్లో ఇంకో ఊపిరి ఉండడం టార్పీకి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేం.

అక్టోబరులో కథ చివరి భాగం వచ్చింది. దానికి ముందువారం భాగంలో లెటీషియా సరస్సులో పడవ బోల్తాపడి తడిసిపోయింది. టార్పీ పత్రిక విప్పబోతుంటే సిబ్బీ అవ్వ చెయ్యి పట్టుకుంది.

"చదవకురా. మా మనవరాలు నిన్ననే చదివింది. జ్వరమొచ్చి చచ్చిపోతుందట."

టార్పీ పత్రిక మడిచేశాడు. మూడు ఆదివారాలు అలాగే మడిచి ఉంచాడు. లెటీషియా ఆ తడిబట్టలతోనే వణుకుతూ కూర్చుంది. పొయ్యిలో పీట్ మట్టిగడ్డలు ఎన్ని మండించినా ఆ తడి ఆరలేదు, ఎన్ని టీలిచ్చినా ఆ చలి దిగలేదు.

"చదివితే జ్వరానికి పోతుంది, చదవకపోతే చలికి పోతుంది" అంది అవ్వ. "నువ్వే ఏదో ఒకటి మార్చి చెప్పు."

"నేనెప్పుడూ మార్చలేదవ్వా."

"తెలుసులే, పెద్ద సత్యసంధుడివి. ఈ ఇంట్లోనే ఉండిపోయింది, దర్జీని పెళ్ళాడింది అని చదువు. నీకూ ఒక తోడు దొరుకుతుంది."

టార్పీ పత్రిక తెరిచాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. చదివితే చాలు, ఆవిడ తల ఊపుతుంది, "సరే" అంటుంది. కానీ ఆ సరే అనే మాట ఎవరిది? తనదే కదా. తన మాట తనే వింటూ ఎన్నేళ్ళని బతకడం? అతనికి దుఃఖం ముంచుకొచ్చింది.

"తెల్లవారేసరికి లెటీషియాకి జ్వరం తగ్గింది" అని చదివాడు. అచ్చులో ఉన్నది అది కాదు. "లేచి, టోపీ పెట్టుకుని, తనకి ఇష్టమైన చోటికి వెళ్ళింది."

లెటీషియా లేచింది. బట్టలు ఆరిపోయాయి. టోపీ పెట్టుకుని, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వెళ్ళిపోయింది.

"నీ అంత తెలివితక్కువవాణ్ణి ఈ జిల్లాలో చూడలేదు" అంది సిబ్బీ అవ్వ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ చలికాలం టార్పీ సీరియళ్ళు చదవలేదు. బజారు ధరలు, చావు కబుర్లు చదివి ముగించేవాడు. జనవరిలో సిబ్బీ అవ్వ కూడా కూతురింటికి వెళ్ళిపోయింది. తర్వాత గోడకి వినిపించేలా చదివాడు కొన్నాళ్ళు.

మార్చిలో గాల్వే పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. టార్పీ పెదవులు బిగించి, జీవితంలో మొదటిసారి లోలోపల చదివాడు.

"టార్పీ గారికి. ఆడది ముందుగా ఉత్తరం రాయకూడదని మర్యాదల శీర్షికలో ఉంది. మన్నించండి. ఎక్కడికి వెళ్ళాలో మీరు చెప్పలేదు కాబట్టి చాలా తిరిగాను. ఇక్కడ టోపీల కొట్లో పనికి కుదిరాను. నా మాటలు నేనే వెతుక్కోవడం మొదట కష్టమైంది, ఇప్పుడు అలవాటైంది. మీ టీ మరీ పల్చన, అప్పట్లో చెప్పలేకపోయాను. మీ పద్యం నాకు నచ్చింది. ఈ ఉత్తరం మీరు పైకి చదివితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. చదవండి."

టార్పీ తలుపు గడియ తీశాడు. బల్ల దగ్గర కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఉత్తరం బల్ల మీద పరిచి, మొదటి మాట నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు.