చీటీలు దాటే కిటికీ

మా పశువుల క్లినిక్ ఒక పెద్ద స్టోర్ లోపల, సబ్బుల అరల వెనక ఉంది. నేనక్కడ కాంపౌండర్‌ని. ఇన్నేళ్ళలో నన్ను గీరని పిల్లి లేదు, కరవబోని కుక్క లేదు. వాటి మీద నాకు ఏ కోపమూ లేదు. నా కోపమంతా స్టోర్ మేనేజరు మీదే.

డాక్టరమ్మ రాసిన ప్రతి చీటీనీ నేను గోడకున్న చిన్న కిటికీలోంచి అవతలున్న మేనేజరుకు అందించాలి. ఆయన ముద్ర కొడితేనే కౌంటర్లో మందిస్తారు. ముద్రతో ఊరుకుంటే ఆయన మేనేజరెలా అవుతాడు? ప్రతి చీటీ అడుగునా తమ స్టోర్ డబ్బా తిండి పేరు రాసేవాడు. కుక్కకు కాలు విరిగినా అదే, చిలకకు జలుబు చేసినా అదే!

టైలరమ్మ పిల్లికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. "డబ్బా తిండి పెట్టకూడదు" అని డాక్టరమ్మ రాసింది. కిటికీ దాటి వచ్చేసరికి ఆ మాట కొట్టేసి, "రెండు పూటలా పెట్టాలి" అని ఉంది. నేను చూసుకోకుండానే ఆమె చేతికిచ్చేశాను. వారం తిరిగేసరికి పిల్లి తల కూడా ఎత్తలేకపోయింది.

"డాక్టరమ్మ నోటితో వద్దన్నారు, చీటీలో పెట్టమని ఉంది. రాసిందే ఖాయమనుకున్నానక్కా" అని టైలరమ్మ బావురుమంది. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది. డాక్టరమ్మ పిల్లికి సెలైన్ ఎక్కిస్తూ, "ఈ రోజు గడిస్తే చూద్దాం" అంది.

సరిగ్గా అప్పుడే తనిఖీకి ఇన్‌స్పెక్టరు దిగాడు. స్టోర్లలో ఉండే క్లినిక్‌లకు కొత్త నిబంధనలొచ్చాయట. వైద్యం వేరు, వ్యాపారం వేరు. డాక్టరు పనిలో స్టోర్ వాళ్ళు వేలు పెట్టకూడదట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన టేపు తీసి గోడ కొలిచాడు. తలుపు కొలిచాడు. బోర్డు మీద అక్షరాల ఎత్తు కూడా కొలిచాడు మహానుభావుడు!

డాక్టరమ్మ టైలరమ్మ చీటీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నా రాత దిద్దుతున్నారు సార్. ఆ పిల్లి గతి చూడండి."

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పాడు. "దీనికి ఇందులో గడి లేదమ్మా. వైద్యానికీ వ్యాపారానికీ మధ్య గోడ ఉండాలి. ఉంది."

"మరి ఆ కిటికీ?" అన్నాను ఉండబట్టలేక.

"గాలికేమో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన టేపు జేబులో పెట్టుకుని, గొంతు తగ్గించి, "మా పిల్లి కూడా తిండి ముట్టట్లేదమ్మా. రక్తపరీక్ష చేయించాను, కాస్త చూస్తారా?" అని కాగితం తీశాడు. అదే జబ్బు. డాక్టరమ్మ అదే మందు, అదే మాట రాసింది. నేను చీటీ కిటికీలోంచి తోశాను. పిల్లి ఎవరిదని మేనేజరు అడగలేదు, నేను చెప్పలేదు.

చీటీ క్షణంలో తిరిగొచ్చింది. ముద్ర ఉంది, కొట్టివేత ఉంది, "రెండు పూటలా" కూడా ఉంది.

ఇన్‌స్పెక్టరు మొహం జేవురించింది. కిటికీ దగ్గరికెళ్ళి, "ఇది దిద్దిందెవరు?" అన్నాడు.

"డాక్టరు గారు మర్చిపోతుంటారండీ, మేమే సరిచేస్తాం. ధైర్యంగా పెట్టండి" అన్నాడు మేనేజరు తలెత్తకుండానే. తలెత్తి ఆయన్ని చూశాక మాత్రం ముద్ర బల్ల కింద దాచాడు.

"మా పిల్లిని చంపుదామనా!" అని ఇన్‌స్పెక్టరు స్టోరంతా వినబడేలా అరిచాడు. ఫారంలో గడి లేకపోతేనేం, వెనక పేజీ ఖాళీగా ఉందిగా! నిలబడినచోటే పేజీ నిండా రాసేశాడు. సాయంత్రం లోపలే మేస్త్రీ వచ్చి కిటికీ మూసేశాడు.

మేస్త్రీ తాపీ కడుక్కుంటుండగా టైలరమ్మ పిల్లి పోయింది. ఆమె దాన్ని కుట్టుగుడ్డలో చుట్టుకుని, తడి ఆరని గోడ వైపు చూసింది.

"పొద్దున నా చీటీ కూడా ఆయనకు చూపించారు కదక్కా?" అంది.

చూపించామని తలూపాను.