ఆటలో వెలిగిన దీపం

మా అబ్బాయి రదిషా కంప్యూటర్‌లో రైళ్ళు నడుపుతాడు. నడుపుతాడనడం తప్పేమో, అవి వాటంతటవే నడుస్తాయి. ఏ బండి ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో, జంక్షన్‌లో ఎవరికి ముందు దారి ఇవ్వాలో వాడు ముందుగా చెప్పిపెడతాడు. చెప్పడంలో ఏ చిన్న పొరపాటు జరిగినా రెండు బండ్లు ఒంటి లైను మొదట్లో ఎదురెదురుగా వచ్చి, పంతం పట్టిన వియ్యంకుల్లా నిలబడిపోతాయి. ఇది వెనక్కి పోదు, అది దారి ఇవ్వదు. వాటి వెనక మరో నాలుగు బండ్లు చేరతాయి. అప్పుడు వాడు తల పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు.

ఆట పాతదే. కానీ ఈ చలికాలం నుంచి వాడు ఒకే స్టేషన్ కడుతున్నాడు. అది లిపొవిక జంక్షన్, వాడు స్టేషన్ మాస్టరుగా పనిచేసిన చోటు. విచారణ తేలేదాకా వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టారు.

డిసెంబరులో పునీత నికోలా పండుగ. మా వంశాన్ని కాచే పునీతుడు ఆయనే, కాబట్టి అది మా ఇంటి పండుగ కూడా. ఆ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు. తలుపు తెరిచి ఉంచి, వచ్చినవాళ్ళందరికీ నిలబడి వడ్డించాలి. నేను అలా నిలబడి ఉండగానే కబురొచ్చింది. లిపొవికలో పొగమంచులో తిహోమిర్ నడిపే చిన్న ప్యాసింజరు బండి దారి ఖాళీ కాకముందే బయలుదేరి, జంక్షన్ దగ్గర లోపలికి వస్తున్న గూడ్సును పక్క నుంచి గుద్దింది. ఎవరి ప్రాణమూ పోలేదు. నికోలా ప్రయాణికులను కాచే పునీతుడు, కాచాడు. తిహోమిర్ తుంటి మాత్రం నుజ్జయింది.

తిహోమిర్ మాకు పరాయివాడు కాదు. మా కూమ్. రదిషా కూతురికి జ్ఞానస్నానం చేయించిన రోజున పాపను చేతుల్లోకి ఎత్తుకున్నది అతనే. మాలో కూమ్ అంటే తోడబుట్టినవాడి కంటే ఒక మెట్టు పైన. తోడబుట్టినవాడితో పోట్లాడవచ్చు, కూమ్‌తో కూడదు.

పండుగ పూట తాగి బండెక్కాడని ఊరంతా అంది. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. అయినా ఊరి నోటికి పరీక్షలుండవు కదా. తిహోమిర్ మాత్రం మొదటి నుంచీ ఒకే మాట మీద ఉన్నాడు. "నాకు పలక కనబడింది." స్టేషన్ మాస్టరు పచ్చ అంచున్న తెల్లటి గుండ్రటి పలక ఎత్తితేనే మా బండ్లు కదులుతాయి. రదిషాదీ ఒకటే మాట. "నేను పలక ఎత్తలేదు." గురువారం విచారణ కమిషన్ తుది మాట చెబుతుంది. తప్పు తనదే అని తేలితే తిహోమిర్ మళ్ళీ బండెక్కడు. తర్వాత కోర్టు కూడా ఉంటుంది.

ఈస్టరుకు ముందు ఉపవాస కాలంలో, ఆ గురువారానికి ముందు ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటున్నాను. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. నా భార్య కోసర గిన్నె మీద పళ్ళెం బోర్లించింది. అది ఆవిరికి జారి గణగణమంటోంది. అప్పుడే తిహోమిర్ భార్య జాగొదా తలుపు కొట్టకుండా లోపలికి వచ్చింది.

"కూర్చోమ్మా, కాఫీ పెడతాను," అంది కోసర.

"కాఫీకి రాలేదు పిన్నీ. సినిమాకి వచ్చాను. గురువారం కమిషన్ ముందు మీ వాడు రైళ్ళ సినిమా వేస్తాడట కదా. ముందే చూసిపోదామని."

రదిషా తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "సినిమా కాదు. ఆ రోజు ఏ బండి ఎక్కడుందో చూపిస్తున్నానంతే."

"మా ఆయనకి విరిగింది తుంటి, కళ్ళు కాదు కూమా. పలక చూశానంటాడు ఆయన. ఎత్తలేదంటావు నువ్వు. మీ ఇద్దరిలో ఎవరికో మతి పోయింది. ఎవరికో నువ్వే చెప్పు, నేనెళ్ళి మందు కొనుక్కుంటాను."

"నేను పలక ఎత్తలేదు."

"నీ కూతురి మీద ఒట్టు?"

"ఒట్టు. పలక ఎత్తలేదు."

జాగొదా కాసేపు వాడి వీపు కేసి చూసింది. సంచిలోంచి రేగు మురబ్బా సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఇది పాపకి. దాని మీద కోపం లేదుగా," అని వెళ్ళిపోయింది.

నాకు చదువు అంతంత మాత్రమే. తేనెటీగలు పెంచి, మైనంతో కొవ్వొత్తులు పోసి బతికినవాణ్ణి. అర్థం కానిదాన్ని అడిగి తెలుసుకోవడం ఒక్కటే నాకు వచ్చు. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను.

"ఏదీ, నాకు చూపించు."

వాడు ఉత్సాహంగా మొదలుపెట్టాడు. తెర మీద పొగమంచు, మా స్టేషన్, ముందున్న రెండు లిండెన్ చెట్లతో సహా. ప్యాసింజరు వచ్చి ప్లాట్‌ఫారం దగ్గర ఆగింది. దూరంగా గూడ్సు. ప్యాసింజరుకు ఎదురుగా సిగ్నల్ స్తంభం మీద ఎర్ర దీపం వెలుగుతోంది. గూడ్సు నింపాదిగా జంక్షన్ దాటి లోపలికి వచ్చింది. దీపం పచ్చగా మారింది. ప్యాసింజరు కదిలింది.

"చూశావా నాన్నా? ఎన్నిసార్లు వేసినా ఇంతే. కంప్యూటర్ డ్రైవరు ఎర్ర దీపం దాటడు. యంత్రానికి తెలిసిన పాటి తిహోమిర్‌కి తెలియలేదు."

"ఆ దీపం..." అన్నాను. "లిపొవికలో ఆ చివరి దీపం వెలగక ఏడాది దాటింది కదరా? నువ్వే తిడుతుండేవాడివి."

"వెలగని దీపం పెడితే ఈ కంప్యూటర్ బండ్లు తికమకపడతాయి. జంక్షన్‌లో అన్నీ ఇరుక్కుంటాయి. అందుకని వెలిగే దీపం పెట్టాను."

"మరి తిహోమిర్ దేన్ని చూసి కదలాలి?"

"నా పలక చూసి."

"ఇందులో డ్రైవరు పలక చూస్తాడా?"

"ఇందులో డ్రైవరు ఉండడు నాన్నా. దారి ఖాళీగా ఉందా లేదా అన్నదే లెక్క."

"ప్లాట్‌ఫారం మీద నీలాగే ఎర్ర టోపీతో ఎవరో నిలబడ్డారే?"

"అది బొమ్మ. ఊరికే అందానికి."

"దాని చేతులు కదలవా?"

"కదలవు."

వంటింట్లో పళ్ళెం జారి నేల మీద పడింది. కోసర విసుక్కుంది. "ఈ గిన్నెకి మూత లేక చస్తున్నాను. పండుగ నాడు రదిషాకి స్టేషనుకి గోధుమ తీపి పెట్టి పంపినప్పుడు పోయిందా మూత. గిన్నె వచ్చింది, మూత రాలేదు. ఆ గోలలో ఎవర్ని అడుగుతాం?"

ఆ గిన్నె నాకు తెలుసు. మా పెళ్ళినాటిది. తెల్లటి ఎనామిల్, చుట్టూ పచ్చ అంచు. మూత కూడా అంతే.

నేను వాడి ముఖం వైపు చూడలేదు. చూస్తే అడగలేనేమో అనిపించింది. తెర మీద కదలని ఆ బొమ్మనే చూస్తూ అడిగాను.

"బాబూ, ఆ రోజు నీ చేతిలో ఏముంది?"

వాడు కీబోర్డు మీంచి చేతులు తీశాడు. ఆటలో బండి తర్వాత బండి వచ్చి, ఆగి, వెళ్ళిపోతోంది.

"పండుగ శుభాకాంక్షలు చెప్పాలనుకున్నాను," అన్నాడు చివరికి. "తిహోమిర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. వచ్చి ఒక చెంచా తినిపో కూమా అని మూత తీసి ఊపాను. మంచులో మాట వినబడలేదు. అతను చెయ్యి ఊపి బండి కదిపాడు. పరిగెత్తాను. అరిచాను."

"మూత?"

"మన షెడ్డులో ఉంది. పనిముట్ల పెట్టె కింద."

కోసర గుమ్మంలో నిలబడి అంతా విన్నది. తలకు కట్టుకున్న గుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను అబద్ధమాడలేదు నాన్నా. పలక ఎత్తావా అని అడిగారు. ఎత్తలేదన్నాను. పలక ఎత్తలేదు కదా?"

"లేదు," అన్నాను. "ఈ ఆటలోనూ అబద్ధం లేదు. మన పండుగ లేదు, చెడిపోయిన దీపం లేదు, మంచులోంచి నీకేసి చూసే మనిషి లేడు. అవి తీసేస్తే నీ తప్పేమీ ఉండదు. కానీ నీకు ఆ మూత గుర్తుంది కదా. అంత ఆటలో దాన్నొక్కదాన్నీ ఎందుకు పెట్టలేదు?"

నేను కోప్పడలేదు. కోప్పడే హక్కు నాకు ఎక్కడుంది? ఆ రోజు అందరికీ వడ్డించమని నేర్పింది నేనే. పంచడం మంచిదే అని ఇప్పటికీ నమ్ముతాను. మంచి పని చేస్తున్న చేతిలోంచే ఇంత కీడు ఎలా జారిందో, అది దేవుణ్ణి అడగాలి. అడిగాను కూడా. ఇంకా చెప్పలేదు.

రదిషా లేచి షెడ్డుకు వెళ్ళాడు. మూత తెచ్చాడు. అంచున మసి పట్టింది. "కడిగి ఇవ్వనా?" అంది కోసర, ఏమనాలో తోచక. "వద్దమ్మా," అన్నాడు.

తిహోమిర్ ఇల్లు మా వెనక వీధిలోనే. ఇద్దరం నడిచి వెళ్ళాం. తిహోమిర్ మంచం మీద ఒరిగి కూర్చున్నాడు, పక్కన ఊతకర్రలు. రదిషా గుమ్మంలోనే ఆగి మూత పైకెత్తి చూపించాడు.

తిహోమిర్ దాన్ని చూశాడు.

"బాబాయ్," అన్నాడు నాతో, రదిషాతో కాదు. "అంటే నాకు కనబడింది నిజమే. ఇన్నాళ్ళూ నా కళ్ళని నేనే నమ్మలేదు. తాగకపోయినా తాగానేమో అనుకున్నాను."

"కూమా..." అన్నాడు రదిషా.

"ఇప్పుడు ఆ మాట అనకు." తిహోమిర్ గోడ వైపు తిరిగాడు. "గురువారం అక్కడ చెప్పు. తర్వాత చూద్దాం, ఏమని పిలుచుకోవాలో."

జాగొదా మమ్మల్ని వాకిలి దాకా సాగనంపింది. ఎత్తిపొడవలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

గురువారం పొద్దున్న రదిషా కంప్యూటర్ పట్టుకుపోలేదు. మూతను తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. వాడి ఉద్యోగం పోతుందని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. నేను గుడికి వెళ్ళాను. మా గుడిలో బతికున్నవాళ్ళ కొవ్వొత్తులు పైన, పోయినవాళ్ళవి కింద. రెండు కొవ్వొత్తులు తీసుకున్నాను, ఒకటి వాడికి, ఒకటి తిహోమిర్‌కి. ఎవరిది ముందు వెలిగించాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను. చివరికి రెండు వత్తులూ దగ్గరగా పట్టుకుని ఒకే మంటతో అంటించి, రెంటినీ పైనే నిలబెట్టాను.