సూటు మాత్ర

మదనపల్లె మార్కెట్లో టమోటా మండీ నడిపే గురుమూర్తికి కాయ మీద దెబ్బ కనిపెట్టడంలో తిరుగులేదు. పెట్టె అడుగున దాక్కున్న మెత్తటి మచ్చను కూడా దూరం నుంచే పట్టేస్తాడు. పట్టి, ఆ ఒక్క కాయ పైకెత్తి, రైతు తోటంతా కుళ్లిపోయిందన్నట్టు ముఖం పెడతాడు. అంత చూపున్న మనిషికి రోజూ కాఫీ అందించే భార్య చేతి మీద అరచేయంత నల్లమచ్చ కనిపించడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

"యాడన్నా తగిలించుకున్నట్టుండావు. సూసి నడువు," అన్నాడు. సలహాకు ఖర్చు లేదు కాబట్టి ధారాళంగా ఇచ్చాడు.

రత్నమ్మకు ఎక్కడా తగల్లేదు. గాజులు తొడుక్కుంటే మచ్చ. బిందె నడుముకు ఆనిస్తే మచ్చ. పళ్లు తోముకుంటే నోట్లో రక్తం. కిందటేడు ఆమె కాల్లో రక్తం గడ్డకట్టింది. మళ్లీ కట్టకుండా డాక్టరమ్మ మాధవీలత రోజుకో మాత్ర రాసి, నెలనెలా రక్తపరీక్ష చేయించమంది. కూతురు నందిని ఉన్నన్నాళ్లూ ఆ సంగతి చూసుకుంది. ఆ పిల్ల కుప్పంలో ఉద్యోగానికి వెళ్లాక మాత్రల పెత్తనం గురుమూర్తి చేతికొచ్చింది. వచ్చీ రాగానే పరీక్షను కొట్టేశాడు. మనిషి నడుస్తోంది, వండుతోంది. సరుకు బాగుందని కంటికి తెలుస్తుంటే సూది గుచ్చి చూడటం దేనికి?

ఇలా ఉండగా రత్నమ్మ తమ్ముడు అంజినప్ప పుంగనూరు నుంచి అక్కను చూడటానికి వచ్చాడు. చేతులు చూశాడు. ఆమె గబుక్కున కొంగు కప్పుకుంది. ఇంకేం కావాలి? అతను తిన్నగా మండీకి వచ్చి, వేలం మధ్యలో నిలబడి అడిగాడు.

"బావా, మాయక్కను యాల కొట్టినావు?"

"నేనా? నాకు తీరికెక్కడిదప్పా?" గురుమూర్తి నోటికి మొదట వచ్చిన జవాబు అదే.

"అంటే తీరికుంటే కొడతావా?"

హమాలీలు పెట్టెలు దించడం ఆపేశారు. సదుం నుంచి సరుకు తెచ్చిన చెంగయ్య ఈ అవకాశం కోసమే ఏళ్లుగా పంట పండిస్తున్నవాడిలా ముందుకొచ్చాడు. "అప్పా, టమోటాకు దెబ్బ తగిల్తే మా లెక్కలో కోస్తావే, ఇంటామెకు తగిల్తే ఎవురి లెక్కలో కోస్తావు?"

జనం నవ్వారు. పరువు పోతే మండీకి ఎంత నష్టమో గురుమూర్తి మనసులో లెక్క కడుతుండగానే ఫోను మోగింది. పక్కింటి రంగనాయకమ్మ. రత్నమ్మ ముక్కు నుంచి రక్తం కారుతోందట, ఎంత అదిమిపట్టినా ఆగడం లేదట. ఆ లెక్క అక్కడే ఆగిపోయింది.

ఆసుపత్రిలో మాధవీలత మగవాళ్లిద్దరినీ బయటికి పంపింది. మధ్యన పరదా ఒకటే ఉండటంతో మాటలన్నీ వినబడ్డాయి.

"నిజం చెప్పమ్మా. మీ ఆయన కొడతాడా?"

"కొట్టేదానికి మనిషి ఇంట్లో ఉండాల గదమ్మా. తెల్లారితే మండీ, పొద్దుగూకితే ఫోను."

ఇంత గొప్ప సర్టిఫికెట్టు గురుమూర్తికి పెళ్లయ్యాక ఇదే మొదటిది.

రక్తపరీక్ష ఫలితం వచ్చాక డాక్టరమ్మ వాళ్లను లోపలికి పిలిచింది. "రక్తం మరీ పలచబడిపోయింది. మాత్రలు ఎవరిస్తున్నారు?"

"నేనేనమ్మా," అన్నాడు గర్వంగా.

"రోజుకు ఎన్ని?"

"ఒకటే. సూటు వేరే."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. దెబ్బకాయల పేరు చెప్పి రైతు దగ్గర కొన్ని పెట్టెలు ఊరికే ఎక్కువ తీసుకోవడమే సూటు అని అంజినప్ప చెప్పాడు. గురుమూర్తి అందుకున్నాడు. "ఏ సరుకులోనైనా పనికిరానివి కొన్ని ఉంటాయి గదమ్మా. మాత్రల్లో మాత్రం ఉండవా? అందుకే రోజు మార్చి రోజు ఇంకోటి కలిపి ఇస్తాండాను. మా ఇంటామెకు నష్టం రాకూడదని."

మాధవీలత రత్నమ్మ చెయ్యి పట్టి అతని ముందుకు చాపింది.

"ఈ మచ్చలన్నీ మీ సూటువే," అంది మాధవీలత. "చర్మం కింద కారిన రక్తం తలలో కారి ఉంటే ఈమెను ఇక్కడికి తెచ్చే పని కూడా ఉండేది కాదు."

గురుమూర్తి జీవితంలో మొదటిసారి బేరమాడలేదు. మాత్ర ఆపేసి, విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి, రత్నమ్మను వార్డులో పడుకోబెట్టారు. "తగ్గుతాదా అమ్మా?" అని అడిగితే రేపటి పరీక్షలో తెలుస్తుందన్నారు. బయట బెంచీ మీద అంజినప్ప పక్కనే కూర్చున్నాడు. కోపం దిగిపోయి గొంతు నీరసంగా ఉంది.

"కొట్టింటేనే మేలు బావా. అక్క సెయ్యి అడ్డం పెట్టుకోనుండేది. మాత్రకు ఏం అడ్డం పెట్టుకుంటాది?"

గురుమూర్తి వార్డు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాటి పరీక్షలో రక్తం దారికొచ్చింది. ముక్కు నుంచి రక్తం ఆగింది. మాత్ర మళ్లీ ఎప్పుడు, ఎంత వేయాలో పరీక్ష చూశాకే చెబుతానని మాధవీలత అంది. ఇక మాత్రల డబ్బా రత్నమ్మ బీరువాలో, తాళంచెవి ఆమె నడుముకు.

గురుమూర్తి పూర్తిగా మారిపోయాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మళ్లీ మండీకి వెళ్లిన రోజే చెంగయ్య దగ్గర ఎప్పటిలాగే సూటు తీసుకున్నాడు. జ్ఞానోదయం ఇంటి గడప దాటి మార్కెట్ దాకా రాలేదు.

అయితే ఆ సాయంత్రం పొద్దుండగానే ఇల్లు చేరాడు. ఫోను బయటికి తీయలేదు. రత్నమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మచ్చకు వేలు తగలనీయకుండా వెలుతురుకు తిప్పితిప్పి చూశాడు. మచ్చ అంచుల్లో నలుపు విరిగి ఆకుపచ్చకు తిరుగుతోంది.

"రంగు తిరగతాండాది," అన్నాడు మెల్లగా. "ఇంకొన్నాళ్లకు పసుపుకొస్తాది."

"సూసింది సాలు," అంది రత్నమ్మ, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోకుండానే. "నన్ను గూడా వేలం పాడిస్తావా ఏమప్పా?"